రేడియో స్తంభమునకు కొండను ఎన్నుకొనుట

చిత్తూరు జిల్లాలోని ఐరాల ప్రాంతమున ఏ ఊరి చెరువుగట్టుపై నిలిచి చూచినను, ఏదో ఒక దిక్కున గుట్ట ఒకటి కంటికి అడ్డము వచ్చును. తూర్పు కనుమల నుండి విడివడినట్లున్న రాతి గుట్టలు, వాటి నడుమ చెరువులు, చెరువుల క్రింద వరి మళ్ళు, చెరకు తోటలు, మెట్టనేలపై మామిడి తోపులు - ఈ సీమ రూపము ఇది. ప్రసిద్ధమైన కాణిపాకము కూడ ఈ ఐరాల మండలములోనిదే. ఇక్కడికి ఈశాన్యమున శేషాచలపు కొండల వరుస ఉన్నది. వాయవ్యమున, మదనపల్లెకు సమీపమున, హార్స్‌లీ కొండలున్నవి. ఇన్ని కొండలున్న సీమలో రేడియో ప్రసార స్తంభమునకు చోటు వెదకుట ఎంత పని? అన్నిటికంటె ఎత్తైన శిఖరముపై స్తంభమును నిలిపిన చాలును గదా అని ఎవరికైనను తోచును.

ఈ ఊహలో కొంత నిజము లేకపోలేదు. కాని అది సగము నిజము మాత్రమే. ఐరాలకు ఈశాన్యముగా, పాకాలకు దగ్గర, గాదంకి అను గ్రామమున్నది. అక్కడ మన దేశపు శాస్త్రజ్ఞులు ఒక గొప్ప రేడియో యంత్రమును నిర్మించిరి. దానిని వారు కొండమీద పెట్టలేదు. కొండలు చుట్టుకొన్న లోతట్టు నేలను వెదకి అక్కడ పెట్టిరి. మధ్యమ తరంగములను పంపు ప్రసార కేంద్రములు కొండను గాక తడినేలను కోరును. ఎఫ్.ఎం. ప్రసార కేంద్రములు మాత్రము శిఖరమును కోరును. అనగా ఒకే కొండ ఒక యంత్రమునకు పీఠము, మరియొక దానికి పనికిరాని రాయి, ఇంకొక దానికి కోటగోడ. ఈ భేదమునకు కారణము తెలిసినచో, ఏ కొండను ఎన్నుకొనవలెనో, ఆ ఎన్నికలో ఏ ఊళ్ళకు మాట వినబడునో, ఏ ఊళ్ళు నీడలో పడునో కూడ తెలియును.

తరంగము పొడవును బట్టి త్రోవ

రేడియో తరంగములును వెలుతురును ఒక జాతివే. రెండును సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. ఈ వేగమును పౌనఃపున్యముచే, అనగా సెకనుకు కలుగు కంపనముల సంఖ్యచే, భాగించినచో తరంగదైర్ఘ్యము వచ్చును. కడప ఆకాశవాణి కేంద్రము 1963లో ఆరంభమైనది. మధ్యమ తరంగములలో దానికి కేటాయించిన పౌనఃపున్యము 900 కిలోహెర్ట్‌జులు. కావున దాని తరంగదైర్ఘ్యము 333 మీటర్లు. తిరుపతి ఆకాశవాణి ఎఫ్.ఎం. పౌనఃపున్యము 103.2 మెగాహెర్ట్‌జులు. దాని తరంగదైర్ఘ్యము 3 మీటర్లకు కొంచెము తక్కువ. ఒకటి తాటిచెట్ల వరుసను మించిన పొడవు. మరొకటి మనిషి నిలువుకు రెండింతలైనను లేదు. ఈ ఒక్క భేదము నుండియే తక్కిన భేదములన్నియు పుట్టుచున్నవి.

పొడవైన తరంగము నేలను అంటుకొని, భూమి వంపును అనుసరించి, చాల దూరము ప్రాకిపోవును. దీనిని భూతరంగము అందురు. 100 మీటర్ల గుట్ట దానికి తన తరంగదైర్ఘ్యములో మూడవ వంతైనను కాదు. ఏటి నీరు గులకరాతిని చుట్టి పోయినట్లు అది గుట్టను చుట్టి పోవును. కాని ఆ తరంగము నడుచు నేల విద్యుత్తును చక్కగా ప్రవహింపనీయవలెను. తడినేల ఇందుకు అనుకూలము. సముద్రపు నీరు ఇంకను అనుకూలము. ఎండిన రాయి ప్రతికూలము. రాతినేలతో పోల్చినచో సముద్రజలముయొక్క విద్యుద్వాహకత కొన్ని వేల రెట్లు ఎక్కువ.

ఇంతేకాదు. మధ్యమ తరంగ కేంద్రములలో ఇనుప స్తంభమే సాధారణముగా ఏరియల్. 900 కిలోహెర్ట్‌జులకు తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు 83 మీటర్లు. స్తంభము అంత ఎత్తుగా నిలువవలెను. దాని మొదట నుండి అన్ని దిక్కులకు, చక్రపు ఆకుల వలె, రాగి తీగలను నేలలో పాతుదురు. ఉత్తమమైన ఏర్పాటులో ఇట్టి తీగలు 120 వరకు ఉండును. చెట్టుకు వేళ్ళెట్లో ఈ స్తంభమునకు ఈ తీగలట్లు. రాతి శిఖరముపై వీటిని పరచుటకు చోటు లేదు, పాతుటకు మన్ను లేదు. అందుచేత మధ్యమ తరంగ కేంద్రమునకు చోటు వెదకువారు కొండలను విడిచి, చెరువుల దిగువ నేలలను, మాగాణులను, సముద్ర తీరములను చూతురు.

3 మీటర్ల తరంగము నడక వేరు. నేలను అంటుకొని పోవుటకు ప్రయత్నించినచో అది కొద్ది దూరములోనే క్షీణించును. పైకి పోయినచో, మధ్యమ తరంగములను రాత్రివేళ తిరిగి భూమికి పంపు అయనావరణము దీనిని సామాన్యముగా తిరిగి పంపదు, దాటిపోనిచ్చును. కనుక అది వెలుతురు వలె దాదాపు సూటిగా పోవుటయే దాని త్రోవ. సూటిగా పోవు దానికి ఎత్తు కావలెను. ఎఫ్.ఎం. విధానమును రూపొందించిన అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1930ల చివర తన కేంద్రమునకు న్యూయార్కు నగరము నడుమ చోటు చూడలేదు. హడ్సన్ నది ఆవలి గట్టున, ఆల్పైన్ అను చోట, నిటారైన కొండచరియపై 120 మీటర్లకు పైబడిన స్తంభమును నిలిపెను.

దిగంతము ఎంత దూరము?

భూమి గుండ్రముగా ఉన్నందున ఎంత ఎత్తు నుండి చూచినను చూపు ఒక చోట నేలను తాకి ఆగును. అదియే దిగంతము. రేడియో తరంగమునకు దిగంతము కంటిచూపుకంటె కొంచెము దూరము. గాలి క్రింద దట్టముగను పైన పలుచగను ఉన్నందున వక్రీభవనము కలిగి, తరంగము కొంచెము భూమి వైపునకు వంగును. ఈ వంపును కూడ లెక్కలో చేర్చినచో సూత్రము సులభముగా ఉండును: ఏరియల్ ఎత్తు ఎన్ని మీటర్లో ఆ సంఖ్యకు వర్గమూలము కట్టి 4.12 చే గుణించవలెను. వచ్చినది కిలోమీటర్లలో దిగంతపు దూరము.

సమతలముపై 100 మీటర్ల స్తంభమున్నదనుకొందము. 100కు వర్గమూలము 10. దిగంతము 41 కిలోమీటర్లు. అదే స్తంభమును 800 మీటర్ల కొండమీద పెట్టినచో ఎత్తు 900 మీటర్లు, వర్గమూలము 30, దిగంతము 124 కిలోమీటర్లు. దూరము మూడు రెట్లయినది. వైశాల్యము తొమ్మిది రెట్లగును. మొదటి స్తంభము 5,300 చదరపు కిలోమీటర్లను చూచినచో రెండవది 48,000 చదరపు కిలోమీటర్లను చూచును. మనుష్యులు కట్టిన కట్టడములలో మిక్కిలి ఎత్తైన దుబాయి బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. కొండ అనునది ప్రకృతి ఊరకే ఇచ్చిన స్తంభమని దీనివలన స్పష్టమగుచున్నది. తమిళనాడులోని కొడైకానల్ కొండమీద ఆకాశవాణి నెలకొల్పిన ఎఫ్.ఎం. కేంద్రము మైదానములోని అనేక జిల్లాలకు వినబడుటకు రహస్యము ఇదియే.

వర్గమూలము ఇంకొక సంగతిని కూడ చెప్పుచున్నది. దూరము రెట్టింపు కావలెనన్న ఎత్తు నాలుగు రెట్లు కావలెను. కాబట్టి ఇప్పటికే ఎత్తైన కొండ దొరికినపుడు, దానికంటె కొంచెము ఎత్తైన మరియొక శిఖరమునకై ప్రయాసపడుటవలన కలుగు లాభము స్వల్పము. 900 మీటర్లకు బదులు 1,000 మీటర్లు దొరికినను దిగంతము 124 నుండి 130 కిలోమీటర్లకు మాత్రమే పెరుగును.

ఎత్తును ఎక్కడి నుండి కొలవవలెను?

కొండల ఎత్తులు పుస్తకములలో సముద్రమట్టము నుండి వ్రాయబడి ఉండును. రేడియోకు ఆ ఎత్తుతో పనిలేదు. వినువాని నేల నుండి ఎంత ఎత్తు అన్నదే ప్రశ్న. హార్స్‌లీ కొండల ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 1,265 మీటర్లు. కాని దాని ప్రక్కనున్న మదనపల్లె సుమారు 690 మీటర్ల ఎత్తున ఉన్నది. కనుక మదనపల్లె పీఠభూమికి ఆ కొండ 575 మీటర్ల కొండ మాత్రమే. చిత్తూరు పట్టణము సుమారు 330 మీటర్ల ఎత్తున ఉన్నది. చిత్తూరు వైపు దిగువ నేలకు అదే కొండ 900 మీటర్లకు పైబడిన కొండ. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున, దాని పాదమున తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉన్నవి. తూర్పు మైదానము నుండి చూచువానికి తిరుమల దాదాపు 700 మీటర్లు లేచిన గోడ. పడమట చిత్తూరు మెట్ట నుండి చూచువానికి 500 మీటర్లు లేచినది.

కావున ఒకే కొండకు దిక్కునకు ఒక ఎత్తు. ఈ కారణముచేతనే ప్రసార ఇంజనీర్లు శిఖరము నుండి ఒక్కొక్క దిక్కునకు గీత గీచి, ఆ గీతపై 3 కిలోమీటర్లు మొదలు 15 కిలోమీటర్ల వరకు గల నేలయొక్క సగటు మట్టమును లెక్కించి, దానికి పైన ఏరియల్ ఎంత ఎత్తున ఉన్నదో చూతురు. ఆ దిక్కునకు అదియే సార్థకమైన ఎత్తు.

కొండ నీడ

పటము మీద కొలిచినచో తిరుమల నుండి ఐరాల సూటిగా దాదాపు 50 కిలోమీటర్లు. సూత్రము ప్రకారము ఐరాల దిగంతమునకు చాల లోపలనే ఉన్నది. కాని దిగంతపు సూత్రము నున్నని భూమికి చెప్పినది. ఈ రెంటి నడుమ చంద్రగిరి, పాకాల ప్రాంతముల గుట్టలున్నవి. తరంగము వాటిని దాటి రావలెను.

తరంగపు త్రోవ దారము వంటి సన్నని గీత అనుకొనుట పొరపాటు. అది కదురు వలె రెండు కొసలు సన్నగను నడుమ లావుగను ఉండును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ పేర దీనిని ఫ్రెనెల్ మండలము అందురు. 50 కిలోమీటర్ల త్రోవలో 3 మీటర్ల తరంగమునకు ఈ కదురు నడుమ వ్యాసార్ధము దాదాపు 194 మీటర్లు. టెలిఫోను సంభాషణలను కొండ నుండి కొండకు పంపిన 5 సెంటీమీటర్ల సూక్ష్మతరంగములకైనచో 25 మీటర్లు మాత్రమే. గుట్ట కొన గీతను తాకకున్నను, కదురులోనికి చొచ్చుకొని వచ్చినచో తరంగము బలము తగ్గును. కొన సరిగా గీతను తాకినచో అవతలి వానికి క్షేత్ర బలము సగమగును.

గుట్ట గీతను దాటి పైకి లేచినను అవతల పూర్తిగా చీకటి కాదు. తరంగము కొనవద్ద వంగి కొంత క్రిందికి దిగును. ఇది వివర్తనము. ఎంత దిగునో ఒక లెక్కతో చూడవచ్చును. ఇది ఉదాహరణకు కట్టిన లెక్కయే గాని ఏ ఒక్క కేంద్రమును గూర్చిన కొలత కాదు. కొండమీది ఏరియల్ నుండి 10 కిలోవాట్ల శక్తి వెలువడుచున్నది. 50 కిలోమీటర్ల దూరమున ఊరున్నది. అడ్డము లేనిచో అక్కడ క్షేత్ర బలము మీటరుకు 14 మిల్లీవోల్టులు. గుట్ట కొన చూపు గీతను తాకినచో 7. ఊరికి 5 కిలోమీటర్ల ఇవతల ఒక గుట్ట ఆ గీతకు 200 మీటర్లు పైకి లేచి ఉన్నచో సుమారు 1.3. అంతే ఎత్తుగల గుట్ట ఊరికి ఒక్క కిలోమీటరు దూరముననే ఉన్నచో సుమారు 0.6 మిల్లీవోల్టు.

పల్లెసీమలలో ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారము చక్కగా వినబడుటకు, నేలకు 10 మీటర్ల ఎత్తున, మీటరుకు సుమారు 0.5 మిల్లీవోల్టు కావలెనని అంతర్జాతీయ ప్రమాణము. కాని పల్లెలో ఎవరును రేడియోను 10 మీటర్ల గడకు కట్టి వినరు. అరుగు మీదనో, ఇంటిలోపలనో, పశువుల కొట్టములోనో పెట్టి విందురు. అక్కడికి వచ్చుసరికి బలము ఇంకను తగ్గును. కావున 0.6 అని లెక్కలో వచ్చిన ఊరు కాగితముపై వినగల ఊరు; నిజమునకు గరగరలు వినబడు ఊరు.

ఈ లెక్కలో గమనింపదగిన సంగతి ఒకటి కలదు. గుట్ట ఎత్తు రెండు సారులును ఒకటే. మారినది ఊరికిని గుట్టకును గల దూరము. గుట్ట నానుకొని ఉన్న ఊరికి నీడ దట్టము. గుట్టకు ఎడముగా ఉన్న ఊరికి నీడ పలుచన. ఎండకు, వానకు ఆశ్రయమని గుట్ట మొదట వెలసిన ఊరు రేడియో విషయమున ఆ గుట్టవలననే నష్టపోవుచున్నది.

కొండలవలన మరియొక చిక్కు. అవతలి రాతి చరియపై తరంగము పరావర్తనము చెంది, సూటిగా వచ్చిన దాని వెనుక ఆలస్యముగా వచ్చును. త్రోవ 3 కిలోమీటర్లు అధికమైనచో ఆలస్యము సెకనులో లక్షవ వంతు. ఇది స్వల్పమే యైనను, రెండు తరంగములు ఒకదానితో నొకటి కలిసి ధ్వనిని వికృతము చేయుటకు చాలును. నాలుగు దిక్కుల నుండి గాక ఒక దిక్కు నుండి మాత్రమే గ్రహించు ఏరియల్‌ను ఇంటిపై పెట్టుట దీనికి కొంత విరుగుడు.

దీపము క్రింద చీకటి

శిఖరమునకు దగ్గరి ఊళ్ళకైనను చక్కగా వినబడునా? ఇక్కడ దీపము క్రింద చీకటి అను సామెత అక్షరాల నిజమగును. ప్రసార ఏరియల్‌ను ఒకదానిపై నొకటిగా అంతస్తులు పేర్చి కట్టుదురు. ఇట్లు చేసినచో శక్తి ఆకాశమునకు వ్యర్థముగా పోక, టార్చిలైటు వెలుగు వలె దిగంతము వైపునకు కేంద్రీకరించును. అయితే ఆ వెలుగు పట్టీకి దిగువన కొన్ని కోణములలో అంతస్తుల తరంగములు ఒకదాని నొకటి రద్దు చేసికొనును. ఆరు అంతస్తుల ఏరియల్‌లో అంతస్తునకును అంతస్తునకును నడుమ ఒక తరంగదైర్ఘ్యము దూరమున్నచో, మొదటి శూన్యస్థానము దిగంతపు మట్టమునకు సుమారు 9½ డిగ్రీల దిగువన పడును. 900 మీటర్ల కొండ నుండి ఆ కోణమున దిగిన గీత 5 కిలోమీటర్లకు కొంచెము అవతల నేలను తాకును. వంద కిలోమీటర్ల దూరమున వినబడు మాట కొండ పాదమున వినబడకపోవుట ఇట్లు సంభవించును.

దీనికి విరుగుడు కలదు. అంతస్తులకు శక్తిని సమానముగా గాక హెచ్చుతగ్గులుగా పంచినచో శూన్యస్థానములు కొంత నిండును. పట్టీని మొత్తముగా కొంచెము క్రిందికి వంచుట మరియొక ఉపాయము. 900 మీటర్ల ఎత్తు నుండి దిగంతము సుమారు 0.8 డిగ్రీ దిగువన ఉండును. సరిగా అడ్డముగా పంపిన తరంగము దిగంతమును కూడ దాటి ఆకాశమునకు పోవును గనుక ఈ కొద్దిపాటి వంపు అవసరము.

శిఖరముపై కష్టములు

అమెరికాలో వాషింగ్టన్ పర్వతము 1,917 మీటర్ల ఎత్తుగలది. 1940లలో దాని శిఖరమున ఒక ఎఫ్.ఎం. కేంద్రము పనిచేసెను. ఎత్తుకు కొదవలేదు. కాని అది 1934 ఏప్రిల్ 12న గంటకు 372 కిలోమీటర్ల గాలి వీచిన శిఖరము. శీతకాలమున ఏరియల్‌పై మంచు గడ్డకట్టును. పనివారు ఎక్కుట, దిగుట కష్టము. ఉత్తమమైన దిగంతము ఉత్తమమైన స్థలము కాదని ఇట్టి శిఖరములు బోధించుచున్నవి.

మన సీమలో మంచు లేదు గాని పిడుగులు కలవు. శిఖరముపై నిలిచిన ఇనుప స్తంభము పిడుగును పిలిచినట్లే. పిడుగు విద్యుత్తును నేలలోనికి దింపుటకు మన్ను, తడి కావలెను. రాతిగుట్టపై ఈ రెండును అరుదు. అందుచేత రాగి పట్టీలను కొండ వాలు వెంట మన్నున్న చోటి వరకు దింపవలసి వచ్చును. ఇక బాట, విద్యుత్తు, నీరు, కాపలా, విద్యుత్తు పోయినపుడు నడుపుటకు డీజిలు యంత్రము - ఇవన్నియు కొండ ఎక్కవలెను. 50 మీటర్లు తక్కువ ఎత్తైనను బాటయు విద్యుత్తును ఇప్పటికే ఉన్న గుట్ట అనేక పర్యాయములు మేలు.

ఇంకను కొండ ఎవరిది అను ప్రశ్న ఉన్నది. శేషాచలపు అడవులలో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనము 1989లో ఏర్పడినది. 2010లో శేషాచలమును జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. ఎర్రచందనము పెరుగు ఆ కొండలలో బాట వేయుట, చెట్లు కొట్టుట చట్టము చేతను ధర్మము చేతను సులభముగా చేయదగిన పని కాదు. అనేక గుట్టలపై గుడులున్నవి. కొన్ని ఊరి పశువులకు మేతబీళ్ళు. పటములో ఖాళీగా కనబడు శిఖరము నేలపై ఖాళీ కాదు.

పటము నుండి గుట్ట వరకు

స్థల నిర్ణయము ఏ క్రమమున జరుగును? మొదట భారత సర్వే శాఖవారి పటములను ముందు వేసికొందురు. 50,000 వంతుల కొలతగల పటములో ఒకే ఎత్తు గల చోట్లను కలుపు సమోన్నత రేఖలు 20 మీటర్లకు ఒకటి చొప్పున ఉండును. శిఖరము నుండి ఊరికి గీత గీచి, ఆ గీత రేఖలను ఖండించిన చోటులను గుర్తించి, వేరొక కాగితముపై నేల నిలువుకోతను గీయుదురు. భూమి వంపును, తరంగపు వంపును కలిపి చూపుటకు ఆ కాగితపు అడుగు గీతయే వంగి ఉండును. దానిపై శిఖరము నుండి ఊరికి ఒక బద్దను పెట్టి చూచినచో ఏ గుట్ట అడ్డము వచ్చుచున్నదో కంటికి కనబడును. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో భూతలపు ఎత్తులను కొలిచినది. అప్పటినుండి ఈ నిలువుకోతలను గణకయంత్రములు వేల సంఖ్యలో క్షణములలో గీయుచున్నవి. పద్ధతి మాత్రము ఆ బద్ద పద్ధతియే.

తరువాత రెండు మూడు శిఖరములకు వేర్వేరుగా పటములు తయారగును. ఒక శిఖరమునకు వైశాల్యము ఎక్కువ రావచ్చును. కాని ఆ వైశాల్యములో సగము అడవి కావచ్చును. మరొక శిఖరము తక్కువ నేలను చూచినను ఎక్కువ ఊళ్ళను చూడవచ్చును. చదరపు కిలోమీటర్లకు చెవులు లేవు, లెక్కింపవలసినది మనుష్యులను. చివరకు చిన్న ప్రసార యంత్రమును కొండ ఎక్కించి, కొలత పరికరమున్న బండితో ఊరూరు తిరిగి క్షేత్ర బలమును కొలుతురు. అట్లు తిరుగునపుడు బాట వెంట మాత్రమే గాక గుట్టల మొదళ్ళనున్న పల్లెలకు కూడ పోవుట అవసరము. లెక్క తప్పునది అక్కడనే.

గాదంకిలో కొండలు కోటగోడలు

ఇంతవరకు చెప్పినది మాట పంపు యంత్రమును గూర్చి. మాట వినవలసిన యంత్రమునకు న్యాయము తిరగబడును. గాదంకిలోని రాడార్ భూమికి పైనున్న గాలి కదలికలను కనిపెట్టుటకు నిర్మింపబడినది. అంతరిక్ష శాఖ క్రింద 1992లో అక్కడ జాతీయ రాడార్ కేంద్రము ఏర్పడినది. 2005 నుండి దానికి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అని పేరు. మొదట నిర్మించినపుడు ఆ రాడార్ 53 మెగాహెర్ట్‌జుల పౌనఃపున్యముతో, 2.5 మెగావాట్ల గరిష్ఠ శక్తితో ఆకాశమునకు స్పందనలను పంపినది. 130 మీటర్లు పొడవు, 130 మీటర్లు వెడల్పుగల నేలపై 1,024 చిన్న ఏరియళ్ళు తోటలోని మొక్కల వలె వరుసలుగా నిలిచియున్నవి.

అంత శక్తి పంపినను తిరిగి వచ్చు ప్రతిధ్వని మిక్కిలి స్వల్పము. ఎందుకన అది గోడకు తగిలి వచ్చినది కాదు, గాలిలోని సుడులకు తగిలి వచ్చినది. దూరపు పట్టణములలోని యంత్రముల విద్యుత్ రొద, ఇతర ప్రసారములు దానిని సులువుగా ముంచివేయును. ఈ యంత్రమును శిఖరముపై పెట్టినచో 100 కిలోమీటర్ల చుట్టునున్న రొద అంతయు దాని చెవిన పడును. చూడవలసినది నడినెత్తిన నున్న ఆకాశమును గనుక దిగంతముతో దానికి పనిలేదు. చుట్టునున్న కొండలు దిగంతము నుండి వచ్చు రొదను ఆపివేయును. దూరపు భూభాగముల నుండి వచ్చు అనవసరపు ప్రతిధ్వనులను కూడ అడ్డగించును. దగ్గరి కొండల ప్రతిధ్వని వచ్చినను, అవి కదలవు గనుక, కదలు గాలి ప్రతిధ్వని నుండి దానిని వేరుచేయవచ్చును. పెరూ దేశమున లీమా నగరము సమీపమున 1960ల మొదట నిర్మించిన హికమార్కా రాడార్‌ను కూడ కొండల నడుమ ఎండిన లోయలోనే పెట్టిరి. ఐరాల వంటి ఊరికి ఎఫ్.ఎం. మాటను అడ్డుపెట్టు నీడయే గాదంకి రాడార్‌కు అవసరమైన నిశ్శబ్దము.

ఒక పెద్ద దీపమా, పది చిన్న దీపములా?

ఇప్పుడు నీడలోని ఊరి సంగతి. పెద్ద కొండపై 10 కిలోవాట్ల కేంద్రము నుండి, గుట్ట అడ్డమున్న 50 కిలోమీటర్ల దూరపు ఊరికి 0.6 మిల్లీవోల్టు చేరినదని చూచితిమి. ఆ ఊరికి ఎదుట, అడ్డములేని 10 కిలోమీటర్ల దూరమున, చిన్న గుట్టపై 100 వాట్ల చిన్న యంత్రమును పెట్టినచో ఎంత చేరును? అదే లెక్క ప్రకారము మీటరుకు 7 మిల్లీవోల్టులు. శక్తి నూరవ వంతు. ఫలితము పది రెట్లకు పైగా. ఎత్తైన కొండకంటె, ఊరికి ఎదురుగా కనబడు గుట్ట గొప్పది. ఆకాశవాణి 2023 ఏప్రిల్ 28న దేశమున వేర్వేరు చోట్ల 91 చిన్న ఎఫ్.ఎం. యంత్రములను ఒక్కసారిగా ఆరంభించినది. ఒక్కొక్కటి 100 వాట్లది. పెద్ద దీపముల నడుమ మిగిలిన చీకట్లను చిన్న దీపములతో నింపుట ఇట్టి ఏర్పాటులోని ఆలోచన.

చిన్న దీపములకు వ్యయము లేకపోలేదు. ప్రతి దానికి స్థలము, విద్యుత్తు, కార్యక్రమమును అందించు మార్గము కావలెను. ప్రక్క ప్రక్కనున్న యంత్రములు ఒకే పౌనఃపున్యమున పలికినచో నడుమ ఊళ్ళలో రెండు మాటలును కలగాపులగమగును; వేర్వేరు పౌనఃపున్యములు ఇచ్చుటకు అవి అనంతముగా లేవు. ఎఫ్.ఎం.కు మన దేశమున 88 నుండి 108 మెగాహెర్ట్‌జుల వరకే చోటు. అందుచేత తెలివైన ఏర్పాటులో రెండును ఉండును: ఎక్కువ ఊళ్ళను చూచు కొండ ఒకటి, దాని నీడలను చూచు గుట్టలు కొన్ని.

ఇది పాటలు వినుటకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో కుండపోత వానలు కురిసి ఏరులు పొంగి గొప్ప నష్టము కలిగినది. ఇట్టి వేళ ఊరిలో విద్యుత్తు పోవును. దానితోపాటు దగ్గరి ఫోను స్తంభము కొన్ని గంటలకే మూగవోవచ్చును. దూరపు కొండపై డీజిలు యంత్రముతో నడుచు ప్రసార కేంద్రము పలుకుచునే ఉండును. రెండు బ్యాటరీలతో నడుచు చిన్న రేడియో దానిని వినును. ఏ చెరువు నిండినదో, ఏ బాట తెగినదో ఆ మాట చెప్పగలదు. అయితే ఆ మాట నీడలోని ఊరికి చేరదు. కొండవాగు మొదట పొంగునది తరచుగా గుట్ట మొదటనున్న ఆ ఊరిలోనే.

కాబట్టి కొండను ఎన్నుకొనువారు శిఖరమునెక్కి ఎంత దూరము కనబడుచున్నదో చూచిన చాలదు. గుట్ట మొదటనున్న పల్లెలోనికి దిగి, అక్కడి నుండి ఆ శిఖరము కనబడుచున్నదా లేదా అని తలయెత్తి చూడవలెను. కనబడినచో ఆ ఊరికి మాట అందును. కనబడనిచో, అక్కడి నుండి కనబడు చిన్న గుట్ట ఏదో వెదకుట ఆ నిర్ణయములో రెండవ భాగము. మొదటి భాగముతో సమానముగా అవసరమైనది.